పాత 407కి హెడ్ గ్యాస్కెట్ పోతే: సెమిలిగుడ నుంచి సాలూరు దాకా నా అనుభవం

మాది ఒడిశాలో కోరాపుట్ జిల్లా సెమిలిగుడ. ఇంట్లో తెలుగు, సంతలో దేశియా (ఈ కొండల్లో మాట్లాడుకునే ఒడియా యాస), ఆఫీసుల్లో ఒడియా. బండి టాటా 407, చిన్న లారీ. నంబరు ఓఆర్ 10తో మొదలవుతుంది, అంటే 2012లో ఒడిశా నంబర్లు ఓడీకి మారకముందు కోరాపుట్‌లో రిజిస్టరైన బండి. శుక్రవారం కుందులి సంతలో కూరగాయలు, అల్లం ఎక్కించుకుని సుంకి ఘాట్ దిగి ఆంధ్రలో సాలూరు, విజయనగరం పోతాం. వచ్చేటప్పుడు ఉల్లిపాయలో, సిమెంటో, కిరాణా సరుకో వేసుకుని ఎక్కుతాం. సాలూరు సముద్రమట్టానికి నూట చిల్లర మీటర్ల ఎత్తులో ఉంటే మా ఊరు సుమారు 900 మీటర్లు. ఆ ఎక్కుడంతా ఇంజన్ సెకండ్ గేర్‌లో మూలుగుతూ ఎక్కాల్సిందే. పాత బండికి ఏ జబ్బున్నా అక్కడే బయటపడుతుంది.

మాకు మాత్రం ఘాట్‌లో కాదు, ఇంటి ముందే బయటపడింది. పోయింది హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్ బ్లాకుకీ దాని పైన బిగించే హెడ్డుకీ మధ్య ఉండి, సిలిండర్ గ్యాస్‌నీ నీళ్లనీ కలవనివ్వని పల్చటి పలక. రేడియేటర్‌లో నీళ్లు తగ్గడం మొదలైంది. కింద చుక్క తడి లేదు. హోస్ పైపులు తడిమి చూశాం, బాగానే ఉన్నాయి. వాటర్ పంపుకి అడుగున ఒక చిన్న కన్నం ఉంటుంది, సీలు పోతే అందులోంచి నీళ్లు కారతాయి. అదీ పొడిగానే ఉంది. అయినా రోజూ పొద్దున్నే లీటరో, లీటరున్నరో పడుతోంది. బయటికి పోని నీళ్లు లోపలికే పోతూ ఉండాలి.

ఊళ్లో తలో మాటా చెప్పారు. పసుపు కలిపి పొయ్యమన్నారు కొందరు. పసుపు వైద్యం మా దారిలో డ్రైవర్లందరికీ తెలుసు. రేడియేటర్‌లో సన్నటి చెమ్మ కారుతుంటే నిజంగానే కొన్నాళ్లు ఆపుతుంది. రేడియేటర్ మూత పట్టి ఉంచే ఒత్తిడి ఒక బార్ లోపే కాబట్టి పసుపు ముద్ద దానికి తట్టుకుంటుంది. సిలిండర్‌లో డీజిల్ పేలినప్పుడు ఒత్తిడి పదుల బార్లలో ఉంటుంది, అక్కడ పసుపూ నిలవదు, షాపుల్లో డబ్బాల్లో అమ్మే లీక్ మందూ నిలవదు. పైగా ఆ ముద్ద పోయి రేడియేటర్ సన్న గొట్టాల్లో కూర్చుంటే కొత్త జబ్బు. ఇంకొకాయన మూత మార్చమన్నాడు. అది చౌక పని కాబట్టి మార్చాం. నీళ్లు తగ్గడం మాత్రం తగ్గలేదు.

నాకు అనుమానం గట్టిపడింది పై హోస్ పట్టుకున్నప్పుడు. రాత్రంతా ఆగిన బండిని పొద్దున్నే స్టార్ట్ చేసి రెండు నిమిషాలు కాకుండానే హోస్ నొక్కి చూస్తే వేలికి లొంగడం లేదు. నీళ్లింకా చల్లగానే ఉన్నాయి. వేడెక్కని నీళ్లకి అంత ఒత్తిడి ఎక్కడిది? సిలిండర్‌లోని గ్యాస్ నీటి దారిలోకి దూరితే తప్ప రాదు.

సెమిలిగుడలో మాకు తెలిసిన మెకానిక్ ఒకాయన ఉన్నాడు. వయసులో నాకంటే చిన్నవాడు, పని తెలిసినవాడు. ఫ్యాన్ బెల్టు తీసేయించాడు. బెల్టు లేకపోతే వాటర్ పంపు తిరగదు, రేడియేటర్‌లో నీళ్లు కదలకుండా నిలబడి ఉంటాయి. చల్లటి ఇంజన్, మూతి దాకా నీళ్లు, మూత తీసి ఉంది. స్టార్ట్ చేశాం. కొద్ది సేపటికే బుడగలు మొదలయ్యాయి. ఒకటీ అరా రావడం వేరు, లోపల చిక్కుకున్న గాలి అలాగే వస్తుంది. ఇవి ఆగకుండా, ఇంజన్ కొట్టుకునే లెక్కకి తగ్గట్టు వస్తున్నాయి. బెల్టు లేకుండా ఇంజన్‌ని ఎక్కువసేపు నడపకూడదు కాబట్టి వెంటనే ఆపేశాడు.

తర్వాత చేసిన పని నాకు బాగా నచ్చింది. మళ్లీ స్టార్ట్ చేసి సిలిండర్లోకి డీజిల్ చిమ్మే ఒక్కో నాజిల్ పైపు నట్టు కాస్త వదులు చేస్తూ పోయాడు. నట్టు వదులైతే ఆ సిలిండర్‌కి డీజిల్ అందదు, అందులో పేలుడు ఉండదు. ఒకటో నాజిల్ వదులు చేసినా బుడగలు అలాగే ఉన్నాయి. రెండోది, అంతే. మూడోది వదులు చెయ్యగానే బుడగలు బాగా తగ్గిపోయాయి. బిగిస్తే మళ్లీ వచ్చాయి. అంటే మూడో సిలిండర్ దగ్గర గ్యాస్కెట్ దారి ఇచ్చింది. హెడ్డు దించకుండానే అంత కచ్చితంగా తెలిసింది. ఎవరైనా ఇలా చూడాలనుకుంటే ఒక జాగ్రత్త: వదులైన నట్టు దగ్గరికి చెయ్యి పెట్టొద్దు. అక్కడ చిమ్మే డీజిల్ చర్మంలోకి దిగిపోయేంత జోరుగా వస్తుంది. గుడ్డ కప్పి, కంటికి అద్దాలు పెట్టుకుని చెయ్యాలి.

హెడ్డు తాను దించగలను గాని లేత్ పనికి ఎలాగూ సాలూరు పంపాలన్నాడు. అలాంటప్పుడు బండినే సాలూరు తీసుకుపోతే మేలని ఇద్దరం అనుకున్నాం. ఖాళీ బండి, దారి చాలావరకు దిగుడు. రెండు డబ్బాల నీళ్లు పెట్టుకుని పొద్దున చల్లగా ఉండగానే బయల్దేరాం, నేనూ మా క్లీనర్ కుర్రాడూ.

పొట్టంగి దాటాం. సుంకి ఇంకా రాలేదు. టెంపరేచర్ ముల్లు మెల్లగా పైకి పోతోంది, నేను నిదానంగానే తోలుతున్నాను. ఉన్నట్టుండి ముల్లు కిందికి పడిపోయింది.

"అన్నా, సల్లారిపోనాది" అన్నాడు కుర్రాడు సంతోషంగా.

పక్కకి తీసి వెంటనే ఇంజన్ ఆపేశాను. వేడిగా ఉన్న ఇంజన్ అలా క్షణంలో చల్లారదు. సెన్సర్ నీళ్లలో మునిగి ఉన్నంతవరకే మీటరు నిజం చెబుతుంది. నీళ్లు కిందికి దిగిపోయి సెన్సర్ గాల్లో మిగిలితే చల్లగా ఉన్నట్టు చూపిస్తుంది, లోపల హెడ్డు మాడిపోతూ ఉంటుంది. ముల్లు ఎక్కడం కంటే ఇలా పడిపోవడమే ఎక్కువ ప్రమాదం. మా దారిలో ఎన్నో ఇంజన్లు ఈ ముల్లును నమ్మే పట్టేశాయి.

కుర్రాడు డబ్బా పట్టుకుని దిగాడు. వద్దన్నాను. మాడిన హెడ్డు మీద చన్నీళ్లు పడితే పోత ఇనుము పగులుతుంది. మూత తిప్పితే ఆవిరి మొహానికి కొడుతుంది. బోనెట్ ఎత్తి వదిలేసి, చెట్టు కింద కూర్చుని తెచ్చుకున్న పెసరట్లు తిన్నాం. చేత్తో హెడ్డు ముట్టుకోగలిగేంత చల్లబడేసరికి ఎండ బాగా ఎక్కేసింది.

అప్పుడు కూడా సెల్ఫ్ కొట్టలేదు. ఆగిన ఇంజన్‌లో మూడో సిలిండర్ నిండా నీళ్లు చేరి ఉండొచ్చు. పిస్టన్ గాలిని నొక్కుతుంది, నీటిని నొక్కలేదు. నొక్కలేనిచోట వంగేది కనెక్టింగ్ రాడ్. నాలుగు నాజిళ్లూ విప్పి బయటికి తీశాక సెల్ఫ్ కొట్టమన్నాను. మూడో కన్నంలోంచి నీళ్లు లేచి బోనెట్ లోపలి రేకుకి తగిలి కుర్రాడి చొక్కా మీద పడ్డాయి. తుప్పు రంగు నీళ్లు, డీజిల్ వాసన. మిగతా మూడు కన్నాల్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. నాజిళ్లు తీయకుండా సెల్ఫ్ కొట్టి ఉంటే గ్యాస్కెట్ పని కాస్తా ఇంజన్ పని అయ్యేది.

ఇక బండి కదలదు. అటు వెళ్తున్న లారీవాళ్లు తాడు కట్టి లాగుతామన్నారు. మంచి మనసుతోనే అన్నారు, కానీ ఘాట్ దిగడానికి తాడు పనికిరాదు. ఈ బండి బ్రేకులకి వాక్యూమ్ సాయం కావాలి, ఆ వాక్యూమ్ ఇంజన్ తిరిగితేనే వస్తుంది. ఇంజన్ ఆగితే రెండు మూడు తొక్కుళ్లకే అయిపోతుంది, తర్వాత పెడల్ మీద నిలబడి తొక్కినా అంతంత మాత్రమే. సుంకి నుంచి కిందికి వంకర్లు, పక్కన లోయ. సాలూరు నుంచి క్రేన్ పిలిపించాం. ముందు చక్రాలు ఎత్తి కట్టేముందు, గేర్ బాక్స్ నుంచి వెనక చక్రాలకి పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పించాను. క్రేన్ అతను విసుక్కున్నాడు. వెనక చక్రాలు రోడ్డు మీద తిరిగితే గేర్ బాక్సులో బయటి షాఫ్ట్ తిరుగుతుంది, ఆయిల్‌ని చిమ్మే కింది గేర్లు మాత్రం తిరగవు. అంత దూరం ఆయిల్ అందకుండా తిరిగితే గేర్ బాక్స్ బేరింగులు పోతాయి. నాలుగు బోల్టులకి విసుగెందుకో నాకు అర్థం కాదు.

సాలూరు లారీల ఊరు. బాడీలు కట్టే షెడ్లు, లేత్‌లు, కమాన్ కట్టలు కొట్టేవాళ్లు, రేడియేటర్ పనివాళ్లు, పాత సామాన్ల కొట్లు, అన్నీ ఒకదాని పక్కన ఒకటి. 2022లో జిల్లాలు మారినప్పుడు విజయనగరం నుంచి పార్వతీపురం మన్యంలోకి పోయింది గాని, ఘాట్ పైన ఉండే మాకు బండి ఆసుపత్రి ఎప్పటికీ ఇదే.

మేస్త్రీ పెద్దాయన. మా నాన్న బండి తోలిన రోజుల నుంచీ తెలుసు. ముందు ఆయిల్ దించాడు. కింద పళ్లెంలో పడింది పాలెక్కువైన టీ రంగులో ఉంది. నీళ్లు కింద ఆయిల్ ఉండే చాంబర్లోకి కూడా దిగాయి. బేరింగుల గురించి నాకు గుండె జారింది. ఇంజన్ వెంటనే ఆపావు కాబట్టి ఫరవాలేదులే అన్నాడు ఆయన. తర్వాత బేరింగు మూత ఒకటి విప్పి చూపించాడు, గీతలు లేవు.

మ్యానిఫోల్డులు, రాకర్, వాల్వులని తెరిపించే పుష్ రాడ్లు తీశారు. పుష్ రాడ్లని అట్టముక్కకి కన్నాలు చేసి వరసలో గుచ్చమన్నాను. ఏ కన్నంలోది ఆ కన్నంలోకే పోవాలి, ఇన్నాళ్లూ అరిగిన జతలు అవి. హెడ్డు బోల్టులు బయటి నుంచి లోపలికి కొంచెం కొంచెంగా వదులు చేశారు. హెడ్డు లేచింది.

ఆ క్షణంలో కనిపించింది మాటల్లో చెప్పడం కన్నా చూస్తేనే బాగుంటుంది. నాలుగు పిస్టన్ల తలలు వరసగా ఉన్నాయి. మూడు నల్లగా మసిపట్టి ఉన్నాయి. మూడోది మాత్రం ఒక పక్క కడిగి తుడిచినట్టు బూడిద రంగులో మెరుస్తోంది. నెలల తరబడి ఆవిరి తగిలి మసి ఊడిపోయింది. గ్యాస్కెట్ మీద దానికి ఎదురుగా చూస్తే, సిలిండర్ చుట్టూ ఉండే ఉక్కు రింగు ఒకచోట తెగి వంగింది. అక్కడి నుంచి పక్కనున్న నీటి కన్నం దాకా వేలి వెడల్పు నల్లటి చార. గ్యాస్ ఆ దారినే నీళ్లలోకి పోయింది, ఇంజన్ ఆపితే నీళ్లు అదే దారిన సిలిండర్లోకి వచ్చాయి.

"దొరికేసింది కదా బాబూ. కొత్త గ్యాస్కెట్టేసి బిగించేద్దాం, సాయంత్రానికి ఎల్లిపోవచ్చు" అన్నాడు మేస్త్రీ.

"హెడ్డు లేత్‌కి పంపుదాం మేస్త్రీ. ప్రెషర్ కూడా చూపిద్దాం."

"ఎందుకొచ్చిన కర్చు? ఈ హెడ్డు ఎప్పుడూ దించనేదు. రాయి మీద రెండుసార్లు రుద్దితే సాలు."

ఆయన మీద గౌరవం తగ్గలేదు గాని నేను ఒప్పుకోలేదు. నీళ్లు లేకుండా మాడిన హెడ్డు అది. గ్యాస్కెట్ మొత్తం బిల్లులో లెక్కలోకి రాని వస్తువు. అది వేయడానికి పడే కూలి, పనిలేక ఆగిన బండి, క్రేన్ ఖర్చు, వీటిని రెండోసారి పెట్టుకోలేను. తెగిన గ్యాస్కెట్ కనిపించగానే దొంగ దొరికాడనుకుంటాం. దొంగ వెనక ఇంకొకడున్నాడా అన్నది చూడటానికే లేత్.

లేత్ అతను హెడ్డుని కడిగి, మసి గీకి, బల్ల మీద తిరగేసి ఉక్కు బద్ద పెట్టాడు. నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకి. బద్దకీ హెడ్డుకీ మధ్య ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి ఉక్కు ఆకులు) దూర్చాడు. చివర్లలో సన్నటి ఆకు కూడా దూరలేదు. మధ్యలో, రెండు మూడు సిలిండర్ల నడుమ, 0.10 మిల్లీమీటరు ఆకు సులువుగా జారిపోయింది, 0.15 కాస్త పట్టి పోయింది. కంటికి కనిపించే వంకర కాదు. గ్యాస్కెట్‌కి మాత్రం అది చాలా పెద్ద సందు.

ఫేసింగ్, అంటే హెడ్డు ముఖం కోసి చదును చేయడం, దానికి ముందే ప్రెషర్ పెట్టమన్నాను. ఫేసింగ్ చేయించాక పగులు బయటపడితే ఆ డబ్బులు నీళ్లపాలు. నీటి కన్నాలన్నిటికీ రబ్బరు షీటు, ఉక్కు పలక వేసి బిగించాడు. ఒక కన్నంలోంచి గాలి ఎక్కించి హెడ్డుని వేడినీళ్ల తొట్టెలో దించాడు. చల్లటి నీళ్లలో పగులు మూసుకునే ఉంటుంది, వేడికి ఇనుము వ్యాకోచించాకే నోరు తెరుస్తుంది. కాసేపు ఏమీ లేదు. తర్వాత మూడో సిలిండర్ దగ్గర, రెండు వాల్వు సీట్ల మధ్య సన్నటి వంతెనలాంటి భాగం ఉంటుంది చూశారూ, అక్కడి నుంచి గింజంత బుడగలు ఒకదాని వెనక ఒకటి.

మేస్త్రీ వంగి చూసి "సరే బాబూ, నువ్వు సెప్పిందే నిజం" అని బీడీ ముట్టించుకున్నాడు.

ఇక మూడు దారులు. వెల్డింగ్, పాత హెడ్డు, కొత్త హెడ్డు. పోత ఇనుముకి వెల్డింగ్ పెట్టాలంటే హెడ్డు మొత్తాన్ని కాల్చి వేడిచేసి, అతికాక బూడిదలోనో సున్నంలోనో పూడ్చి నిదానంగా చల్లార్చాలి. ఊరికే ఒకచోట రాడ్ పెట్టి అతికితే ఆ పక్కనే ఇంకో పగులు వస్తుంది. సీట్ల మధ్య ఆ సన్న జాగాలో నాకు వెల్డింగ్ మీద నమ్మకం లేదు, లేత్ అతనికీ లేదు. కొత్త హెడ్డు ధర విన్నాక బండి వయసు గుర్తొచ్చింది. ఈ వయసు బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి, ఏటా ఏదో ఒకటి అడుగుతారు. అంత డబ్బు ఒక్క భాగం మీద పెట్టలేను. అలాగని బండి అమ్మేసి కొత్తదానికి నెలనెలా వాయిదాలు కట్టే ధైర్యమూ లేదు. కాబట్టి పాత సామాన్ల కొట్టు.

పాత హెడ్డు కొనేటప్పుడు డబ్బు లెక్కపెట్టేముందు లేత్‌కి తీసుకుపోయి ప్రెషర్ చూపిస్తానని కొట్టువాడితో మాట తీసుకోవాలి. ఒప్పుకోని కొట్టులో కొనొద్దు. మొదటి కొట్టువాడు ఒప్పుకోలేదు. రెండో అతను ఒప్పుకుని ఇచ్చిన హెడ్డుకి ప్రెషర్ బాగానే ఉంది గాని, మందం కొలిస్తే తక్కువొచ్చింది. ఎన్నోసార్లు ఫేసింగ్ చేసి అరగదీసినది. డీజిల్ ఇంజన్‌లో పిస్టన్ పైకొచ్చినప్పుడు వాల్వుకీ దానికీ మధ్య సందు చాలా తక్కువ. హెడ్డు పల్చబడితే వాల్వు కిందికి దిగి పిస్టన్‌కి తగలొచ్చు, నాజిల్ మొన కూడా ఉండాల్సినదానికంటే లోపలికి దిగుతుంది. అది తిప్పి ఇచ్చేసి ఇంకొకటి తెచ్చాం. మందం సరిపోయింది, తొట్టెలో బుడగ రాలేదు. వాల్వు సీట్లు కోయించి, వాల్వులు గ్రైండ్ చేయించి, గైడ్లు రెండు మార్పించి, పైపైన ఒక్క కోత ఫేసింగ్ చేయించాం. వాల్వులు హెడ్డు ముఖం కంటే ఎంత లోపలికి ఉన్నాయో కొలిచి చూశాక తీసుకొచ్చాం.

ఈలోగా బ్లాకు ముఖం శుభ్రం చెయ్యాలి. మేస్త్రీ దగ్గర కుర్రాడు గ్రైండర్‌కి ఎమరీ చక్రం తగిలించి వచ్చాడు. అది వద్దని చెప్పి పంపేశాను. ఆ గరుకు పొడి ఆయిల్ కన్నాల్లోకి పోతే బేరింగుల పని అయిపోయినట్టే. సిలిండర్లలో గుడ్డలు కుక్కి, కన్నాలు మూసి, పల్చటి పలకతో గీకి, డీజిల్ గుడ్డతో తుడిచాం. బ్లాకు మీద కూడా బద్ద పెట్టి చూశాం, అదృష్టం కొద్దీ తిన్నగానే ఉంది.

బోల్టు కన్నాల సంగతి ఎవరూ పట్టించుకోరు. అడుగు మూసుకున్న కన్నంలో నీళ్లో ఆయిలో మిగిలి ఉంటే బోల్టు కిందికి దిగుతూ దాన్ని నొక్కుతుంది. పోయే దారి లేక బోల్టు బిగుసుకున్నట్టు అనిపిస్తుంది, హెడ్డు మాత్రం బిగియదు. మరీ గట్టిగా లాగితే బ్లాకే పగులుతుంది. ట్యాప్ తిప్పి మరలు శుభ్రం చేసి, గాలి కొట్టి, గుడ్డ చుట్టిన పుల్లతో అడుగు దాకా తుడిచాం. బోల్టులు కొత్తవే తీసుకున్నాను. ఏళ్ల తరబడి సాగిన బోల్టు మళ్లీ అంత పట్టు ఇవ్వదు.

గ్యాస్కెట్ కొట్టులో 497కి కావాలని అడగాలి, అది మా ఇంజన్ పేరు. నాలుగు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ వెడల్పు) అన్నది ఆ అంకెలోనే ఉంది. పెద్ద లారీల 697 కూడా అదే బోరు, ఆరు సిలిండర్లు. పాత గ్యాస్కెట్ వెంట తీసుకుపోయి ఒకదాని మీద ఒకటి పెట్టి ప్రతి కన్నమూ చూశాను. నకిలీ సరుకులో రింగు అంచు సమంగా మడతపడి ఉండదు, వేలు పోనిస్తే తెలిసిపోతుంది. మేస్త్రీకి గ్యాస్కెట్ రెండు వైపులా అనబాండ్ జిగురు పూయడం అలవాటు. ఇక్కడ మళ్లీ చిన్న పేచీ. ఈ రకం గ్యాస్కెట్ పొడిగానే కూర్చోవాలి, జిగురు రాస్తే బిగించేటప్పుడు జారుతుంది, మిగిలినది నీటి కన్నాల్లో పడుతుంది. "మీ నాన్న బండికి పూసే ఎక్కించాను" అన్నాడు. "ఇది నా బండి కదా మేస్త్రీ" అంటే నవ్వి ట్యూబు పక్కన పడేశాడు.

బోల్టు ఎంత బలంతో బిగుస్తోందో కొలిచే టార్క్ రెంచ్ ఆ షెడ్డులో లేదు. ఆయన చేతి లెక్క చెడ్డదని అనను, నలభై ఏళ్ల చెయ్యి. కానీ బోల్టు తిప్పడానికి పెట్టే బలంలో సింహభాగం మరల దగ్గరా, బోల్టు తల కిందా రాపిడికే పోతుంది. ఒక బోల్టుకి నూనె తగిలి, పక్కదానికి తగలకపోతే చేతికి రెండూ ఒకేలా అనిపిస్తాయి, పట్టు మాత్రం ఒకేలా ఉండదు. లేత్ అతని దగ్గర రెంచ్ అద్దెకి తెచ్చి, అన్ని మరలకీ ఒకేలా ఇంజన్ ఆయిల్ రాసి, మాన్యువల్‌లో ఉన్న వరస ప్రకారం మధ్యలోంచి మొదలుపెట్టి బయటికి, విడతలు విడతలుగా బిగించాం. ప్రతి విడత అయ్యాక బోల్టు తల మీద సుద్దతో గీత పెట్టాను. మేస్త్రీ కుర్రాడు ఆ గీతల్ని చూసి నవ్వాడు గాని, ఒక బోల్టుకి గీత లేదని కనిపెట్టింది కూడా వాడే.

ఇక అసలు ప్రశ్న: హెడ్డు ఎందుకు మాడింది? ఇది తేల్చకుండా బండి ఎక్కిస్తే మళ్లీ అదే క్రేన్. థర్మోస్టాట్ గూడు విప్పితే లోపల ఖాళీ. మాకు ముందు బండి నడిపినాయన ఎప్పుడో తీసేశాడు. హీటెక్కకుండా ఉండాలంటే థర్మోస్టాట్ పీకేయాలని మన వైపు గట్టి నమ్మకం. ఈ వాల్వు చేసే పని రెండు రకాలు. నీళ్లు 80 డిగ్రీల పైకి వచ్చాక రేడియేటర్ దారి తెరుస్తుంది, అదే సమయంలో బైపాస్ దారి మూస్తుంది. పీకేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఘాట్‌లో ఇంజన్ మరిగిపోతున్నప్పుడు వేడినీళ్లలో కొంత భాగం రేడియేటర్‌కి పోకుండానే తిరిగి ఇంజన్‌లోకే వస్తుంది. మైదానంలో ఇది తెలియదు, బండి చల్లగానే ఉంటుంది. ఎక్కుడులోనే తెలుస్తుంది.

రేడియేటర్ కూడా తక్కువ తినలేదు. పైనా కిందా ట్యాంకులు విప్పిస్తే కింది వైపు గొట్టాల్లో సగానికి సగం తెల్లటి సున్నం పట్టి మూసుకుపోయాయి. ఏ ఊరు వస్తే ఆ ఊరి బోరు నీళ్లు పోసిన ఫలితం. రాడ్లు దూర్చి శుభ్రం చేయించాం. ఫ్యాన్ చుట్టూ ఉండాల్సిన కౌల్ (తొడుగు) విరిగిపోయి సగమే ఉంది. కౌల్ లేకపోతే ఫ్యాన్ రేడియేటర్ లోంచి గాలి లాగకుండా చుట్టుపక్కల గాలినే తిప్పుకుంటూ ఉంటుంది, అందులోనూ నెమ్మదిగా ఎక్కే బండికి ఫ్యాన్ గాలే దిక్కు. మూత ముందే మార్చాం కాబట్టి ఆ ఖర్చు మిగిలింది. మా ఎత్తులో మూత రబ్బరు బాగుండటం ముఖ్యం. 900 మీటర్ల దగ్గర తెరిచిన గిన్నెలో నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. అర బార్ పట్టే మూత ఉంటే 110 దాకా తట్టుకుంటాయి. కొత్త థర్మోస్టాట్ వేసి, బోరు నీళ్ల బదులు కలిపి అమ్మే కూలెంట్ పోశాం.

స్టార్ట్ చేసేముందు డీజిల్ లైన్లో గాలి తీయాలి, అది తెలిసిన పనే. సెల్ఫ్ రెండు మూడుసార్లు కొట్టేసరికి అందుకుంది. పొగ గొట్టంలోంచి తెల్లటి ఆవిరి దండిగా వస్తుంటే కుర్రాడి మొహం వాడిపోయింది. సైలెన్సర్‌లో మిగిలిన నీళ్లు అవి. వేడెక్కి ఆరేదాకా వస్తాయి, తర్వాత ఆగాయి. హోస్ మెత్తగా ఉంది. మూత తీసి చూస్తే బుడగలు లేవు. కాసేపు నడిపి, ఆ ఆయిల్ కూడా దించేసి మళ్లీ కొత్తది పోశాం. చాంబర్ మూలల్లో మిగిలిన నీటిచెమ్మ మొదటి ఆయిల్‌తోనే పోతుంది. ఆయిల్ రెండుసార్లు దండగ అని అనిపిస్తుంది గాని బేరింగుల ధరతో పోలిస్తే ఎంత?

ఘాట్ మొదటిసారి సగం లోడుతోనే ఎక్కాను. ముల్లు మధ్యకి వచ్చి అక్కడే నిలబడింది. సుంకి దగ్గర ఆపి బోనెట్ ఎత్తి చూశాను, ఎక్కడా చెమ్మ లేదు. కొన్ని ట్రిప్పులయ్యాక మళ్లీ సాలూరులో ఆగి, చల్లటి ఇంజన్ మీద బోల్టులు వరసలో ఒక్కొక్కటీ టార్క్ చూసి, టాపెట్లు (వాల్వుల సందులు) సరిచేయించాను. ఈ రకం గ్యాస్కెట్ వేడికి కాస్త అణుగుతుంది, అణిగాక బోల్టులు కొద్దిగా వదులవుతాయి. రెండు బోల్టులు నిజంగానే కదిలాయి. ఇంజన్ సంగతి ఇప్పటికి సరే. క్లచ్ జారుతోంది, దాని కథ ఇంకా మొదలవలేదు.

పగిలిన హెడ్డుని పాత ఇనుము కొట్టుకి వేశాను. వేసేముందు ఆ పగులు దగ్గర సుత్తితో గట్టిగా రెండు దెబ్బలు వేయించి ముక్క లేపించాను, దాన్నే రంగు వేసి ఇంకొకడికి అమ్మకుండా. కాటా మీద పెడుతూ కొట్టువాడు అడిగాడు, "అలా కొట్టకుండా తెచ్చుంటే ఇంకో రేటు ఇద్దును కదా బాబూ."